కంప్యూటర్‌లో జెట్ విమానం – ఏడో పాఠం: ఎత్తు మిగలకుండా విశాఖకి దిగడం

పోయిన పాఠంలో శంషాబాద్‌లో లేచి విశాఖ రన్‌వే 28 మీద ఐఎల్ఎస్‌తో (రన్‌వేకి దారి చూపే రేడియో సిగ్నళ్లతో) దిగమన్నాను. ప్రయత్నించినవాళ్లలో ఎక్కువమందికి ఒకేలా జరిగింది. లోకలైజర్, అంటే రన్‌వేకి తిన్నగా తెచ్చే సిగ్నల్, పట్టుకుంది. గ్లైడ్‌స్లోప్, అంటే దిగే వాలు చూపే సిగ్నల్, దాని గుర్తు మాత్రం తెర మీద అడుగుకి అతుక్కుపోయి పైకి రాలేదు, అంటే విమానం ఆ వాలుకి చాలా పైన ఉంది. ముక్కు కిందికి దించితే స్పీడ్ పెరిగింది, ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) వేస్తే ఓవర్‌స్పీడ్ హెచ్చరిక మోగింది, ఆ కంగారులో రన్‌వే కింద నుంచి వెళ్లిపోయింది. ఈసారి పక్కగాలిలో ల్యాండింగ్ చెప్పాలనుకున్నాను, అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఎత్తు సర్దుకోవడం రానివాళ్లకి పక్కగాలి చెప్పి లాభం లేదు.

ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీ పెట్టడం, అప్రోచ్ బటన్ నొక్కడం మళ్లీ చెప్పను. మీ తప్పు అక్కడ జరగలేదు, అంతకు ముందే దారి పొడవు, ఎత్తు సర్దుకోవడంలో జరిగిపోయింది. ఈ పాఠంలో మైలు అంటే నాటికల్ మైలు, విమానం అంటే ఎయిర్‌బస్ ఏ320. ఫ్లైబైవైర్ వాళ్లు (సిమ్యులేటర్‌కి విమానాలు తయారుచేసే బృందం) ఉచితంగా ఇచ్చే ఏ320 నేర్చుకోవడానికి చాలు, డబ్బు పెట్టి కొన్నదానితోనే మొదలుపెట్టాలని ఏమీ లేదు.

మొదట దూరం సంగతి. ఎత్తుని వేలల్లో తీసుకుని మూడుతో గుణిస్తే దిగడానికి ఎన్ని మైళ్లు కావాలో వస్తుంది. 31,000 అడుగుల్లో ఉంటే 93 మైళ్లు. స్పీడ్ తగ్గించుకోవడానికి ఇంకో 10 కలుపుకోండి, మొత్తం 103. ఇది అందరికీ తెలుసు, అందరూ వేశారు కూడా. పొరపాటు వచ్చేదల్లా ఆ 103ని ఏ దారి మీద కొలిచామన్న దగ్గరే.

హైదరాబాద్ నుంచి మనం పడమర నుంచి వస్తాం. రన్‌వే 28 మీద దిగాలంటే విమానం ముక్కు పడమర వైపు ఉండాలి. అంటే స్టీల్ ప్లాంట్ పక్కగా ఊరు దాటి సముద్రం మీదికి పోయి, తిరిగి హార్బర్ వైపు రావాలి. అప్పుడు డాల్ఫిన్స్ నోస్ మీకు ఎడమ పక్కన కనపడుతుంది. ఈ చుట్టు తిరగడానికి దాదాపు 25 మైళ్లు పడుతుంది. కాబట్టి 103 మైళ్లు అంటే విమానం నడిచే దారి పొడవు, ఎయిర్‌పోర్టుకి నేరుగా ఉన్న దూరం కాదు. నేరుగా చూస్తే 78 మైళ్ల దగ్గర దిగడం మొదలుపెట్టాలి. మ్యాప్ మీద రెండు ఊళ్ల మధ్య తిన్నగా గీత గీస్తే అది మారేడుమిల్లి దాటాక వస్తుంది. అదే రన్‌వే 10 మీద, అంటే అదే రన్‌వేకి రెండో కొస నుంచి, దిగేట్టయితే తిన్నగా రావడమే, చుట్టు లేదు. అప్పుడు గోదావరి దగ్గరే మొదలుపెట్టాలి.

నర్సీపట్నం మీద ఉన్నారనుకోండి. ఎయిర్‌పోర్టుకి దాదాపు 35 మైళ్లు. రన్‌వే 28 అయితే ఇంకా 60 మైళ్ల దారి ఉంది, అందులో 10 తీసేసి మూడుతో భాగిస్తే 16,500 అడుగుల చుట్టుపక్కల ఉండాలి. రన్‌వే 10 అయితే 8,000 దాటితే ఎక్కువే. అనకాపల్లి మీద 28కి వెళ్లేవాళ్లు 9,000 దగ్గర ఉన్నా ఏ భయమూ లేదు.

ఇప్పుడు మీలో చాలామంది ఏం చేశారో చూద్దాం. 28కి లెక్క సరిగానే వేశారు, అనకాపల్లి దాకా ఎత్తు కూడా సరిగానే ఉంది. సముద్రం కనపడగానే ఇక చాలనుకుని పెందరాళే ఎడమకి తిరిగేశారు. దారి 15 మైళ్లు తగ్గిపోయింది. 15 మైళ్లంటే దాదాపు 5,000 అడుగులు. ఆ ఎత్తంతా అలాగే మీ చేతిలో మిగిలిపోయింది. దారి ఎప్పుడు మారినా ముందు లెక్క వేయండి, ఆ తర్వాతే తిరగండి. నేనైతే 20,000, 10,000, 5,000 అడుగుల దగ్గర తప్పకుండా లెక్క చూసుకుంటాను. విమానంలో కంప్యూటర్ దిగే దారి గీసి చూపించినా సరే, చూస్తాను. మీరు దారి మారుస్తున్న సంగతి మీరు చెప్పేదాకా దానికి తెలియదు.

విశాఖ రన్‌వే సముద్ర మట్టానికి కొద్ది అడుగుల పైనే ఉంది కాబట్టి ఆల్టిమీటర్‌లో అంకెని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు. శంషాబాద్‌లో దిగేటప్పుడు మాత్రం 2,000 తీసేసి లెక్క వేయండి.

ఇక అసలు గొయ్యి. దీని గురించి ఎన్నిసార్లయినా చెబుతాను. ఎత్తు ఎక్కువైందని తెలియగానే అందరి చెయ్యీ వర్టికల్ స్పీడ్ నాబ్ మీదికే పోతుంది. మైనస్ 3,500 పెట్టి లాగుతారు. దయచేసి అలా చేయకండి.

ఎందుకంటే, ఆ నాబ్ లాగినప్పుడు విమానానికి మీరు చెప్పేది ఒకటే: నిమిషానికి 3,500 అడుగులు దిగు. ఆటోపైలట్ ముక్కుని దానికోసమే వాడుతుంది. స్పీడ్ చూసే బాధ్యత పూర్తిగా ఇంజన్లకి పోతుంది. ఇంజన్లు పవర్ తగ్గించి, తగ్గించి, ఐడిల్‌కి, అంటే కనీస పవర్‌కి, వస్తాయి. ఐడిల్ కింద ఇంకేమీ లేదు. తెర పైన స్పీడ్ అని పచ్చగా రాసే ఉంటుంది, దాన్ని చూసి స్పీడ్‌ని ఎవరో పట్టుకునే ఉన్నారని మీరనుకుంటారు. నిజానికి పట్టుకోవడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు. సింహాచలం ఘాట్ రోడ్డు దిగే స్కూటర్‌కి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసినా స్పీడ్ పెరుగుతూనే ఉంటుంది కదా, ఇక్కడా అంతే. 250 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) 270 అవుతుంది, 290 అవుతుంది.

దాని ఫలితం లెక్కలో చూడండి. 8,000 అడుగుల నుంచి అలా దూకి, రన్‌వేకి 8 మైళ్ల దూరంలో 2,500 అడుగులకి చేరారు. చూడ్డానికి ఎత్తు సరిగ్గా ఉంది, గ్లైడ్‌స్లోప్ గుర్తు మధ్యకి వచ్చింది, మీకు సంతోషం. కానీ స్పీడ్ 300. లెవెల్‌గా ఎగిరితే మైలుకి సుమారు 10 నాట్లు తగ్గుతుంది. 200కి రావాలంటే 10 మైళ్లు కావాలి, ఉన్నవి 8. పైగా మీరు లెవెల్‌గా ఎగరట్లేదు, గ్లైడ్‌స్లోప్ మీద దిగుతున్నారు, అక్కడ స్పీడ్ ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది. మొదటి ఫ్లాప్‌కి పరిమితి 230, రెండోదానికి 200, మూడోదానికి 185, ఫుల్‌కి 177. ల్యాండింగ్ గేర్ (చక్రాలు) దించాలన్నా 250కి రావాలి. ఒక్కటీ వాడుకోలేరు. అంటే ఎత్తు పోలేదు, స్పీడ్‌గా మారింది, అంతే. కొండలాంటి శక్తిని అలాగే మోసుకుంటూ రన్‌వే మీదికి వస్తున్నారు.

దీనికి బదులు ఆల్టిట్యూడ్ నాబ్ లాగండి. ఓపెన్ డిసెంట్ వస్తుంది. ఇందులో ఇంజన్లు ఐడిల్‌లో ఉంటాయి, ముక్కు స్పీడ్‌ని పట్టుకుంటుంది. మీరు పెట్టిన 250 అలాగే ఉంటుంది, ఆ స్పీడ్‌తో ఎంత వేగంగా దిగగలదో అంత వేగంగానే దిగుతుంది. అది చాలదనిపిస్తే స్పీడ్‌బ్రేక్ (రెక్కల మీద పైకి లేచే పలకలు) లాగండి. స్పీడ్ మారకుండానే దిగే వేగం బాగా పెరుగుతుంది. స్పీడ్‌బ్రేక్ వాడితే చిన్నతనం అనుకునేవాళ్లున్నారు. అది పెట్టిందే అందుకు. ముందే వాడి ముందే మూసేయడం మంచి పద్ధతి. ఫ్లాప్స్ ఫుల్ వేశాక ఏ320లో అది ఎలాగూ పని చేయదు.

అదీ చాలకపోతే 250 లోపు గేర్ దించేయండి. గేర్‌కి ఉన్నంత డ్రాగ్ (గాలి అడ్డు) దేనికీ లేదు. 12 మైళ్ల దూరంలో గేర్ దించినా నాకు అభ్యంతరం లేదు.

అప్పటికీ ఎత్తు మిగిలితే దారి పెంచుకోండి. సముద్రం మీద ఒక చుట్టు తిరగండి, అక్కడ కొండలు లేవు. పడమర, ఉత్తరం వైపు ఆ స్వేచ్ఛ ఉండదు. అరకు వైపు తూర్పు కనుమలు 5,000 అడుగులు దాటతాయి, కాబట్టి ఎత్తు దించుకోవడానికి అటు తిరగొద్దు.

గ్లైడ్‌స్లోప్‌ని పైనుంచి పట్టుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. పైలట్లు పట్టుకుంటారు, దానికి వేరే పద్ధతి ఉంది, ఇప్పుడు వద్దు. నిజమైన ఐఎల్ఎస్‌లో 3 డిగ్రీల దారికి చాలా పైన, 9 డిగ్రీల దగ్గర, దొంగ సిగ్నల్ కూడా ఉంటుంది. పైనుంచి వచ్చే విమానం ముందు దానికే దొరుకుతుంది. కింద నుంచి, లెవెల్‌గా, 200 నాట్ల లోపు వచ్చి పట్టుకోవడమే అలవాటు చేసుకోండి.

1,000 అడుగుల దగ్గర గేర్, ఫ్లాప్స్ దిగి ఉండాలి, స్పీడ్ అప్రోచ్ స్పీడ్‌కి (రన్‌వే మీదికి దిగే స్పీడ్‌కి) దగ్గరగా ఉండాలి. దిగే వేగం ఎంత ఉండాలో తెలియాలంటే గ్రౌండ్ స్పీడ్‌ని (నేలతో పోలిస్తే ఉన్న స్పీడ్‌ని) ఐదుతో గుణించండి, 140 నాట్లకి 700. వీటిలో ఏది లేకపోయినా ఇంజన్ లివర్లు టోగాకి (పూర్తి పవర్‌కి) తోసి పైకి వెళ్లిపోండి, దీన్నే గో అరౌండ్ అంటారు. సిమ్యులేటరే కదా అని అలాగే దింపేస్తే చేతికి అదే అలవాటవుతుంది.

అభ్యాసం కష్టంగానే ఇస్తున్నాను. నర్సీపట్నం మీద 16,000 అడుగుల్లో, 300 నాట్లతో విమానాన్ని సేవ్ చేసి పెట్టుకోండి. అక్కడి నుంచి మూడు ల్యాండింగులు. మొదటిది 28 మీద, పూర్తి దారిలో. రెండోది 28 మీదే, కానీ అనకాపల్లి దగ్గర దారి 10 మైళ్లు తగ్గించుకుని. మూడోది రన్‌వే 10 మీద. ఇందులో మొదట్లోనే దాదాపు 8,000 అడుగులు ఎక్కువ ఉంటారు, ఏం చేయాలో మీరే తేల్చుకోవాలి. వర్టికల్ స్పీడ్ నాబ్ ముట్టుకోకూడదు. ప్రతి 5 మైళ్లకి ఎంత ఎత్తులో ఉండాలి, ఎంతలో ఉన్నారు, స్పీడ్ ఎంత, ఈ మూడూ కాగితం మీద రాయండి. 1,000 అడుగుల దగ్గర ఒక్కటి కుదరకపోయినా గో అరౌండ్ చేసి మూడూ మళ్లీ మొదటి నుంచి చేయండి. మూడూ కుదిరిన కాగితాలు పారేయకండి, పక్కగాలి పాఠంలో అవే అంకెలకి గాలి కలిపి చూస్తాం.