మన ఇంటి ఫినిషింగ్ మన చేతులతో: 3వ పాఠం, పెయింట్ డబ్బా తెరవకముందు

కిందటి పాఠంతో గోడల్లో దాగాల్సినవన్నీ దాగిపోయాయి. కరెంటు పైపులు వేసి గాళ్లు పూడ్చాం, నీళ్ల పైపులకు ప్రెషర్ పెట్టి లీకులు చూశాం, ప్లాస్టరింగ్ కూడా అయింది. ఇప్పుడు ఆ గోడని ప్రైమర్ దాకా, అంటే పెయింట్ కింద వేసే తొలి పూత దాకా తీసుకెళ్దాం. రంగుల ఊసు ఈ పాఠంలో ఉండదు. రంగుల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నవాళ్లు కాసేపు దాన్ని పక్కన పెట్టండి.

ఎందుకంటే ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే పెయింట్) రెండు కోట్లు, అంటే రెండు పూతలు వేసి ఆరాక దాని మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అంత పల్చటి పొర కింద ఏ గుంటా, ఏ గీతా దాగదు. పైగా కొంచెం మెరుపున్న పెయింట్ అయితే అంతకుముందు కనపడని వంకర కూడా బయటపడుతుంది. గోడ బాగా వచ్చిందా లేదా అన్నది ఈ పాఠంలో చేసే పనులే తేలుస్తాయి. సొంతంగా చేసుకునేవాళ్లకు ఇందులో ఒక సుఖం కూడా ఉంది. ఈ పనికి నైపుణ్యం కంటే ఓపిక ఎక్కువ కావాలి.

ముందు గోడ ఆరాలి

సిమెంట్ ప్లాస్టరింగ్ అయ్యాక కనీసం వారం రోజులు తడపాలని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. తడపడం ఆపాక ఆరడానికి కూడా టైమ్ ఇవ్వాలి. ప్లాస్టరింగ్ చేసిన రోజు నుంచి 28 రోజులు ఆగడం మామూలు లెక్క. వానాకాలమైనా, గాలి ఆడని గది అయినా అది కూడా చాలదు. కొత్త సిమెంట్‌లో క్షారం బాగా ఎక్కువ, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. గోడలో తడి ఉన్నంతకాలం ఆ క్షారం పైకి వస్తూ పెయింట్‌ని దెబ్బతీస్తుంది. ఆయిల్ పెయింట్ అయితే సబ్బులా మారి జిగటగా ఊడివస్తుంది, ఎమల్షన్ అయితే మచ్చలుగా వెలిసిపోతుంది.

చేత్తో తాకి చూస్తే పై పొర ఆరిందో లేదో మాత్రమే తెలుస్తుంది. లోపలి సంగతి తెలియాలంటే అడుగున్నర చదరం పాలిథీన్ షీట్‌ని గోడకు పెట్టి, నాలుగు అంచులూ గాలి చొరబడకుండా టేపుతో అంటించి, ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు షీట్‌కి గోడ వైపు నీటి బిందువులు ఉంటే గోడ ఇంకా తడి వదులుతోందన్నమాట. బయటి వైపు చెమ్మ పడితే అది గది గాలిలోని తేమ, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఈ పరీక్ష ఒక్క చోట చేసి ఊరుకోవద్దు. బాత్‌రూమ్‌ని ఆనుకున్న గోడ కింది భాగంలో, కిటికీ అడుగున, బయటి గోడ మూలలో తప్పకుండా చేయండి.

గోడ మీద తెల్లగా ఉప్పులాంటి పొడి తేలితే చాలామంది తడిగుడ్డతో తుడిచేస్తారు. ఆ ఉప్పు నీళ్లలో కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, పొడిని ఎత్తి పారేసి, వారం ఆగి చూడండి. మళ్లీ అదే చోట తేలితే నీళ్లు ఎక్కడి నుంచో వస్తున్నట్టే. ఆ దారి కనుక్కోకుండా ఎంత ఖరీదైన పెయింట్ వేసినా డబ్బు దండగ.

డొల్ల, పగుళ్లు

చెక్క సుత్తి పిడితోనో, వేలి కణుపులతోనో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా మోగిన చోట ప్లాస్టరింగ్ ఇటుకను పట్టుకోలేదు. చుట్టూ చాక్‌పీసుతో గీసుకుని ఆ ముక్క కొట్టించి, మళ్లీ మాలు (సిమెంట్, ఇసుక కలిపిన ముద్ద) పెట్టించాలి. కొత్త మాలు వేసిన చోట ఆరే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. చాలామందికి విసుగొచ్చేది ఇక్కడే.

పగుళ్లన్నీ ఒకటి కాదు. వెంట్రుకలా సన్నగా, వలలా అల్లుకున్నవి ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు బిగుసుకోవడం వల్ల వచ్చినవి. వాటికి భయం లేదు. పిల్లరు, ఇటుక గోడ కలిసే చోట నిలువుగా, తిన్నగా వచ్చే గీత రెండు రకాల సామాను వేర్వేరుగా వ్యాకోచించడం వల్ల వస్తుంది. ప్లాస్టరింగ్ అప్పుడు అక్కడ మెష్ (వల) కొట్టి ఉంటే చాలావరకు రాదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగే పగులు విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. కొన్ని వారాల తర్వాత పగులు గీత దాటినా, వెడల్పు పెరిగినా ఇంజనీరుకు చూపించండి. దాన్ని పూడ్చేసి ఊరుకోకూడదు.

మామూలు పగుళ్లను చాకు మొనతో ‘వి’ ఆకారంలో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, క్రాక్ ఫిల్లర్‌ని లోపలికి నొక్కి నింపాలి. పైపైన పూస్తే లోపల గాలి మిగిలి, అది మళ్లీ పగులుతుంది. పైపుల కోసం కొట్టిన గాళ్ల వెంబడి ఫైబర్ మెష్ టేపు వేసి, దాని మీద ఫిల్లర్ లాగితే సరిపోతుంది.

లప్పం

పుట్టీ అన్నా లప్పం అన్నా ఒకటే, గోడ నున్నగా రావడానికి పెయింట్ కంటే ముందు పల్చగా లాగే ముద్ద. ఇందులో రెండు రకాలు. తెల్ల సిమెంట్ పుట్టీ పొడిగా వస్తుంది, నీళ్లు కలపాలి. అక్రిలిక్ పుట్టీ కలిపి సిద్ధంగా డబ్బాలో వస్తుంది, ఇంటి లోపలి గోడలకే వాడాలి. కొత్త గోడలకు నా ఓటు సిమెంట్ పుట్టీకే. గోడతో గట్టిగా కలిసిపోతుంది, తేమను కాస్త తట్టుకుంటుంది. అక్రిలిక్‌ది రుద్దడం తేలిక కాబట్టి చివర్లో చిన్న చిన్న మరమ్మతులకు ఒక చిన్న డబ్బా దగ్గర ఉంచుకోండి. జిప్సం ప్లాస్టరింగ్ చేయించినవాళ్లకు ఈ భాగం చాలావరకు అక్కర్లేదు. ఆ గోడని తడపకూడదు, నేరుగా సన్నటి శాండింగ్ (శాండ్‌పేపర్‌తో రుద్దడం), ప్రైమర్‌కి వెళ్లొచ్చు.

చాలా ఇళ్లలో లప్పంతో గోడ వంకర తీయాలని చూస్తారు. అది దాని పని కాదు. రెండు కోట్లూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకుండా ఉండాలి. మందం పెంచితే ఆరేటప్పుడు పగులుతుంది, కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఆరడుగుల అల్యూమినియం పట్టీని గోడకు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ఆనించి చూడండి. రెంటి మధ్య మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ సందు కనిపిస్తే ఆ గుంటని ముందే మాలుతో సరిచేయించండి.

గోడని గరుకు రాయితోనో, ముతక శాండ్‌పేపర్‌తోనో రుద్ది, అంటుకున్న ఇసుక రేణువులు రాల్చేయండి. ఒక్క రేణువు మిగిలినా లప్పం లాగే స్టీలు బ్లేడుకు తగిలి ఆ పొడవునా గీత పడుతుంది. తర్వాత శుభ్రమైన నీటితో గోడ తడపండి. నీళ్లు కారకూడదు, పీల్చుకుని చెమ్మగా ఉండాలి. పొడి గోడ లప్పంలోని నీటిని లాగేస్తే పొర పొడిపొడిగా రాలుతుంది.

కలిపేటప్పుడు బకెట్లో ముందు నీళ్లు, తర్వాత పొడి. కిలో పొడికి సుమారు 350 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. బస్తా మీద వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. ఉండలు లేకుండా కలిపి, కొన్ని నిమిషాలు వదిలి, మళ్లీ కలపండి. బ్లేడు మీద తీస్తే టూత్‌పేస్ట్‌లా నిలబడాలి, జారకూడదు. కలిపినది రెండు మూడు గంటల్లో అయిపోవాలి కాబట్టి మొదటి రోజు రెండు కిలోలకు మించి కలపకండి. గట్టిపడుతున్న లప్పంలో మళ్లీ నీళ్లు పోసి లొంగదీయాలని చూడొద్దు, అప్పటికే దానిలో పట్టు పోయింది.

మొదటి ప్రయోగం స్టోర్‌రూమ్‌లోనో, అల్మారా వెనక దాగిపోయే గోడ మీదో చేయండి. హాలు గోడ చివరికి ఉంచుకోండి, అప్పటికి చెయ్యి తిరుగుతుంది. గదిలో మాత్రం సీలింగ్ ముందు, గోడలు తర్వాత. పది అంగుళాల స్టీలు బ్లేడు అంచు మీద లప్పం తీసుకుని, గోడ కింది నుంచి పైకి, గట్టిగా నొక్కుతూ లాగండి. ఈ మొదటి కోటు పని సన్నటి రంధ్రాలు నింపడమే. అందం గురించి టెన్షన్ పడకండి. మర్నాటికి ఆరాక, లేచిన గీతల్ని బ్లేడుతో గీకేసి, గోడ కాస్త చెమ్మ చేసి రెండో కోటుని అడ్డంగా లాగండి. అలా దిశ మారిస్తే మొదటి కోటు వదిలిన సందులు పూడతాయి.

లోపలి మూలల్లో ఒక గోడ పూర్తిగా ఆరాకే రెండో గోడ పట్టుకోండి. రెండూ ఒకేసారి చేస్తే ఒకదాన్ని సరిచేసేటప్పుడు బ్లేడు మూల రెండోదాన్ని గీరుతుంది.

కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. సీలింగ్ చేసేటప్పుడు లప్పం నేరుగా కళ్లలోకే రాలుతుంది, అందులోది సిమెంట్. కంట్లో పడితే నలపకుండా 15 నిమిషాలైనా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లండి. స్విచ్ బాక్సుల్లో కాగితం కుక్కి టేపు వేయండి, ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్) ఆపేయండి. ఇంకో సంగతి, బకెట్ కడిగిన నీళ్లు కొత్త బాత్‌రూమ్ జాలీలో పోయకండి. పైపులో గట్టిపడిన లప్పాన్ని తీయడం ఎవరి తరమూ కాదు.

దీపం పెట్టి చూడండి

శాండింగ్‌ని రెండో కోటు ఆరిన మర్నాడో, ఆ తర్వాతి రోజో చేసేయాలి. వారాలు వదిలేస్తే సిమెంట్ గట్టిపడి చేతులు పడిపోతాయి. ముందు 180 నంబరు, చివరికి 320. నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నం. చెక్క ముక్కకు చుట్టి రుద్దండి. వేళ్లతో పట్టుకుని రుద్దితే వేళ్ల కింద మాత్రమే అరిగి గోడ మీద అలలు తేలతాయి. ఎన్95 మాస్క్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ముఖానికి కట్టుకునే చేతిరుమాలు ఈ దుమ్మును ఆపలేదు.

రుద్దడం రాత్రి పూట మేలు. బల్బుని గోడకు అంగుళం రెండంగుళాల దూరంలో పక్కగా పట్టుకుంటే వెలుగు గోడ వెంబడి జారుతూ పోతుంది. పగలు కనిపించని ప్రతి గుంటకూ నీడ పడుతుంది. నీడ పడిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టి, అక్కడ పల్చగా లప్పం లాగి, ఆరాక మళ్లీ రుద్దండి. అయితే కిటికీ పక్క గోడ, ట్యూబ్‌లైట్ కింది గోడ లాంటి చోట్లే ఇంత పట్టింపు కావాలి. బీరువా వెనక గోడ మీద వెంట్రుకవాసి తేడా కోసం ఒక సాయంత్రం పోగొట్టుకోవడం నా దృష్టిలో దండగ.

ప్రైమర్

అరచేత్తో రాస్తే పొడి అంటనంత వరకు గోడని మెత్తటి బ్రష్‌తో, ఆ తర్వాత పిండిన తడిగుడ్డతో తుడవండి. దుమ్ము మీద వేసిన ప్రైమర్ దుమ్మునే పట్టుకుంటుంది, గోడని కాదు. నీటి ఆధారిత వాల్ ప్రైమర్ తీసుకుని డబ్బా మీద చెప్పినంతే నీళ్లు కలపండి. మూలలు బ్రష్‌తో, మిగతాది రోలర్‌తో ఒక కోటు.

గోడంతా ఒకే తెలుపులోకి వచ్చాక కొత్త లోపాలు కొన్ని బయటపడతాయి, కంగారు పడకండి. వాటికి అక్రిలిక్ పుట్టీ పెట్టి, రుద్ది, ఆ మచ్చ మీద మళ్లీ ప్రైమర్ తాకించండి. ఆ చివరి పని ఎగ్గొడితే అక్కడ పెయింట్ ఎక్కువ ఇంకి, మెరుపు తగ్గి, గోడ మీద అతుకులా కనబడుతుంది.

వడ్రంగి పని ఇంకా ఉన్నవాళ్లు ప్రైమర్, ఒక కోటు పెయింట్ అయ్యాక ఆగిపోండి. అల్మారాలు బిగించి, చెక్క పొడి అంతా ఊడ్చాకే చివరి కోటు.

వచ్చే పాఠానికి లెక్క

మీ గదులన్నీ కొలిచి కాగితం మీద రాసి ఉంచండి. పద్ధతి ఇది: 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది అనుకుందాం. చుట్టుకొలత 44 అడుగులు. దాన్ని ఎత్తుతో గుణిస్తే 440 చదరపు అడుగులు. 7×3 తలుపుకి 21, 4×4 కిటికీకి 16 తీసేస్తే 403. సీలింగ్ 120 కలిపితే మొత్తం 523.

లప్పం కిలోకి రెండు కోట్లూ కలిపి 15 చదరపు అడుగులు వస్తుందనుకుంటే సుమారు 35 కిలోలు, వృథా కోసం పదో వంతు కలుపుకుంటే 38 చిల్లర. బస్తా మీద ఇంకా ఎక్కువ విస్తీర్ణం రాసి ఉండొచ్చు. అది బాగా సమంగా ఉన్న గోడకి వేసిన లెక్క, మొదటిసారి చేసేవాళ్లకు అంత రాదు. ఇదే 523ని వచ్చే పాఠంలో పెయింట్ లీటర్లలోకి మారుస్తాం. ఈలోగా పాలిథీన్ షీట్లు అంటించి, ఏ గోడ ఎంత ఆరిందో గదివారీగా రాసుకోండి.