పెట్రోల్ కారుకు సీఎన్‌జీ కిట్: ఆర్‌సీలో ఎక్కించుకునే విధానం

కిట్ బిగించి గ్యాస్ కొట్టించుకున్నంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. ఆర్‌సీలో ఇంధనం ఇంకా ‘పెట్రోల్’ అనే ఉంటే బండి ఒకటి, కాగితం ఒకటి. ప్రమాదం జరిగి బీమా క్లెయిమ్‌కు వెళ్లినప్పుడు మొదట ఇక్కడే మెలిక పడుతుంది. మార్పు జరిగిన 14 రోజుల్లోగా ఆర్టీఏకు తెలపాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది.

కారు మీద లోన్ ఉంటే ముందు ఫైనాన్స్ వాళ్ల రాతపూర్వక అంగీకారం తీసుకోండి. ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, కిట్ బిల్లు, బిగించిన సెంటర్ ఇచ్చే ఫిట్‌మెంట్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుని, రవాణా శాఖ వెబ్‌సైట్‌లో వాహన మార్పు కింద దరఖాస్తు చేసి ఫీజు కట్టడం వరకు కష్టమేమీ లేదు. ఏజెంటు అక్కర్లేదు.

చాలామంది వెనక్కి వచ్చేది టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ దగ్గర. ఏఆర్‌ఏఐ, ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు కిట్‌కు ఇచ్చే ఆమోదం ఇది. ఒక కిట్‌కు వచ్చిన ఆమోదం అన్ని కార్లకూ వర్తించదు. బీఎస్-4కు (పాత పొగ ప్రమాణం) ఆమోదం పొందిన కిట్ కొత్త ప్రమాణమైన బీఎస్-6 కారుకు చెల్లదు. బీఎస్-6 పెట్రోల్ కార్లకు బయట కిట్ బిగించే వీలు కల్పించిందే కేంద్ర రవాణా శాఖ 2022 ఆగస్టు నోటిఫికేషన్. మీ ఆర్‌సీలో ఉన్న ఇంజిన్ సామర్థ్యం (సీసీ), సర్టిఫికెట్‌లో రాసిన పరిధిలోకి రావాలి. ఆమోదం మూడేళ్లే ఉంటుంది కాబట్టి తేదీ చూడండి. కొన్ని షాపులు వేరే కంపెనీ కిట్ బిగించి, చేతికందిన సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చి పంపేస్తాయి. రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే భాగం) మీది పేరు, మోడల్, బిల్లు, సర్టిఫికెట్ ఒకదానితో ఒకటి కలవకపోతే అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.

ఇక సిలిండర్. దాని మెడ దగ్గర సీరియల్ నంబరు, నీటి సామర్థ్యం (లోపల ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో), పరీక్ష చేసిన నెల, సంవత్సరం గుద్ది ఉంటాయి. డిక్కీలో బిగించేటప్పుడు ఆ అంకెలు కిందికో, బ్రాకెట్ వెనక్కో పోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చదవలేరు, మళ్లీ విప్పుకుని రమ్మంటారు. అంకెలు బయటికి కనిపించేలా బిగించమని ముందే చెప్పండి, బిగించకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పాత సిలిండర్‌కు రంగు వేసి అంటగడితే పట్టిచ్చేది కూడా ఆ తేదీయే. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి.

తనిఖీకి కారును స్వయంగా తీసుకెళ్లండి. ‘బండి చూపించకుండా పని చేయిస్తాం’ అనే మాట నమ్మొద్దు. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఏ కింద ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

కొత్త ఆర్‌సీలో ‘పెట్రోల్/సీఎన్‌జీ’ అని పడగానే బీమా కంపెనీకి కాపీ పంపి పాలసీలో ఎక్కించమనండి. అదనపు ప్రీమియం సాధారణంగా కిట్ విలువలో 4 శాతం, థర్డ్ పార్టీకి మరో 60 రూపాయలు.