పాత జీపు పాఠాలు – 4: ఫోర్‌వీల్ కర్ర పట్టేస్తే

పోయిన పాఠంలో ఒక మాట రాశాను. నెలకోసారైనా ఫోర్‌వీల్ (ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందే ఏర్పాటు) వేసి కొంత దూరం నడపండి, లేకపోతే దాన్ని వేసే చిన్న కర్ర బిగుసుకుపోతుంది, హబ్బులున్న (ముందు చక్రాలని ఇరుసుకి కలిపే, విడదీసే తిప్పుడు మీటలున్న) బండ్లకు ముందు ఇరుసు హౌసింగులో ఆయిల్ కదలదు అని. మాట సరైనదే. ఎక్కడ నడపాలో మాత్రం రాయలేదు. ఆ తప్పు నాది.

వారం తిరగకుండానే ఫోన్లు వచ్చాయి. ఒకాయన తన మారుతి జిప్సీకి ఫోర్‌వీల్ వేసి బెంజి సర్కిల్ నుంచి పటమట దాకా వెళ్లాడు. ఇంటి గేటు దగ్గర తిప్పబోతే టైర్లు కీచుమన్నాయి, వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు బండి ఆగిపోయింది. గుంటూరు బ్రాడీపేటలో ఇంకొకాయనది మహీంద్రా జీపు, ఎంఎం 540. "గురువుగారూ, కర్ర రావట్లేదు, గేరుబాక్సు పోయినట్టేనా?" అని టెన్షన్‌గా అడిగాడు. నాకు ఫోన్ చేసేలోపే ఒక షెడ్డులో కర్రకి ఇనప గొట్టం తొడిగి లాగారట. కర్ర వంగింది. గేరుబాక్సుకి ఏమీ కాలేదు.

ఇవాళ లో గేరు చెబుదామనుకున్నాను. ముందు ఇది తేలాలి.

మన పాత బండ్లలో, జిప్సీ అయినా విల్లీస్ వంశపు మహీంద్రా జీపులైనా, ఫోర్‌వీల్ వేస్తే ఇరుసులకి బలం మోసే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానికొకటి కట్టేసినట్టే. రెండూ ఒకే లెక్కన తిరగాలి. రెంటినీ వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేదు. నేరుగా పోయినంతసేపు ఇబ్బంది ఉండదు. మలుపులోనే వస్తుంది చిక్కంతా.

మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. జిప్సీకి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2375 మిల్లీమీటర్లు. వెనక ఇరుసు నడిమధ్య 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగేలా ఒక పూర్తి మూల, అంటే పావు చుట్టు, తిప్పారనుకోండి. వెనక ఇరుసు సుమారు 7 మీటర్ల 85 సెంటీమీటర్లు నడిస్తే, ముందుది 8 మీటర్ల 69 సెంటీమీటర్లు నడుస్తుంది. ఒక్క మూలకే 84 సెంటీమీటర్ల తేడా. షాఫ్టులేమో తేడాగా తిరగనంటాయి. ఇసుకలో, బురదలో అయితే టైరు కొంచెం జారి ఆ తేడాని సర్దేస్తుంది. ఎండిన తారు మీద టైరు జారదు. అప్పుడు ఆ తేడా షాఫ్టుల్లో, షాఫ్టుల కొసల్లోని క్రాసు కీళ్లలో, పళ్లచక్రాల్లో మెలిక పడి నిలిచిపోతుంది. తడి బట్టని ఇద్దరు చెరో కొస పట్టి పిండితే ఎలా బిగుస్తుందో, అలా. అంత బిగువులో కర్ర ఎందుకు వస్తుంది?

మూల తిరక్కపోయినా ఇదే తిప్పలు వచ్చే దారి ఒకటుంది. ముందు రెండు కొత్త టైర్లు, వెనక రెండు అరిగినవి. లేదా ముందొక సైజు, వెనకొక సైజు. ఇలాంటి బండి నేరుగా పోతున్నా మెలిక పడుతూనే ఉంటుంది. టైర్లు మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చండి. డబ్బు సరిపోకపోతే ఆగండి, అంతేగానీ రెండు మార్చి ఫోర్‌వీల్ వెయ్యకండి. దీని మీద నేను ఎవరితోనూ రాజీపడను.

కర్ర పట్టేసిందా? గొట్టం వద్దు, సుత్తి వద్దు. స్టీరింగ్ నేరుగా పెట్టి, పది పదిహేను మీటర్లు మెల్లగా రివర్సు రండి. చేత్తో కర్ర మీద కొద్దిగా ఒత్తిడి ఉంచి, కదులుతుండగానే క్లచ్ తొక్కండి. చాలాసార్లు టక్కుమని వచ్చేస్తుంది. రాకపోతే రోడ్డు పక్క మట్టిలోకి దింపి ముందుకీ వెనక్కీ ఆడించండి. ఇవి రెండూ చేశాకే జాకీ సంగతి. ముందు చక్రం ఒకటి లేపితే, నేల వదిలిన క్షణంలో అది జర్రున తిరుగుతుంది. చెయ్యి దగ్గర పెట్టకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

హబ్బుల మాట. రెండు పక్కలా లాక్‌లో పెట్టాలి. ఒకటి లాక్, ఒకటి ఫ్రీ ఉంటే ముందు చక్రాలు లాగవు. శక్తంతా ఫ్రీగా ఉన్న వైపు ఇరుసులో ఉత్తినే తిరిగిపోతుంది. మీరేమో ఫోర్‌వీల్ పని చెయ్యట్లేదని హౌసింగు విప్పిస్తారు.

మరి నెలకోసారి ఎక్కడ నడపాలి? విజయవాడ వాళ్లకి ఎండాకాలంలో ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణ ఇసుక తేలుతుంది, బండ్లు దిగనిచ్చే చోటైతే వెళ్లండి. వరద కాలంలో గేట్లు ఎత్తుతారు, అప్పుడు నదిలోకి దిగడం వద్దే వద్దు. గుంటూరు వాళ్లకి ఊరు దాటితే మట్టి డొంకలే. వాన పడ్డాక నల్లరేగడి ఇంకా మంచి చోటు, రెండో గేరులో ఆగకుండా పోండి. ఇసుక కనపడగానే, ఇంకా గట్టి నేల మీద ఉండగానే ఫోర్‌వీల్ వెయ్యండి. కూరుకుపోయాక వేస్తే సగం బలం గోతిలోనే పోతుంది. తిరిగి తారు ఎక్కేముందు తీసెయ్యండి. వానకి తడిసిన తారు మీద కూడా నేను వెయ్యను. పాత జీపుల్లో గుర్తు చేసే లైటు ఉండకపోవచ్చు. అందుకే నేను ఫోర్‌వీల్ వేసినప్పుడల్లా స్టీరింగుకి ఎర్ర తాడు కడతాను. తాడు విప్పకుండా తారు ఎక్కను.

అభ్యాసం: చదునైన, గట్టిపడిన తడి ఇసుక మీద మామూలు టూ వీల్‌లో, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నడక వేగంతో ఒక పూర్తి మూల తిప్పి దిగండి. నాలుగు చక్రాల గీతలు విడివిడిగా కనపడతాయి. ముందు చక్రాలవి వెనక వాటికి బయటగా ఉంటాయి. పురికొస తీసుకుని నాలుగు గీతలనీ వంపు వెంటే కొలవండి. ముందు రెంటి సగటు, వెనక రెంటి సగటు వేరువేరుగా కట్టి తేడా రాసుకోండి. తర్వాత అదే చోట ఫోర్‌వీల్ వేసి మళ్లీ తిప్పి, టైరు ఎక్కడ ఇసుకని గీకిందో మోకాళ్ల మీద కూర్చుని చూడండి. గంటన్నర పడుతుంది. మీ బండి తేడా ఎన్ని సెంటీమీటర్లో తెలిశాకే లో గేరు పాఠం తెరవండి.