రిటైరయ్యాక విశాఖ తీరంలో ఇల్లు కొనాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి

డిసెంబరులో భీమిలి వెళ్లి ఆ చల్లగాలికి మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేయకండి. మే నెలలో కొన్నాళ్లు అద్దెకుండి చూడండి. ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ బాధపెడుతుంది, రాత్రయినా చెమట ఆరదు, అరవై దాటిన ఒంటికి అది చిన్న విషయం కాదు.

తర్వాత తుపాన్లు. ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఒక్కోసారి మేలో కూడా వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది, చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అందుకే ఇల్లు చూసేటప్పుడు బ్రోకర్‌ని కాదు, పక్కింటివాళ్లని అడగండి, అప్పుడు ఈ కిటికీలు నిలిచాయా, వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి అని. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టు, నీళ్ల మోటారు రెండూ జనరేటర్ మీద నడుస్తాయో లేదో చూడండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి సముద్రం కనిపించే బాల్కనీ కన్నా ఇదే ముఖ్యం.

ఉప్పుగాలికి గ్రిల్స్, ఏసీ బయటి యూనిట్ తుప్పు పట్టిపోతాయి, ఆ ఖర్చు తప్పదు.

నన్నడిగితే తీరానికి కాస్త దూరంగా, ఎత్తు మీద, ఆసుపత్రికి దగ్గర్లో తీసుకోండి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఫ్రిజ్ పనిచేయని రోజుల్లో దాన్ని ఎక్కడ పెడతారో ఇప్పుడే ఆలోచించుకోండి.