రేణిగుంట విమానం: గంటంపావును నమ్ముకోకండి

హైదరాబాద్ నుంచి దర్శనానికి వచ్చే బంధువులు టికెట్ చూసి, గంటంపావులో దిగిపోతామని లెక్క వేసుకుంటారు. శంషాబాద్ నుంచి రేణిగుంటకు ఆకాశమార్గాన దూరం సుమారు 420 కిలోమీటర్లే. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికైనా అది యాభై నిమిషాల పని. మిగతా సమయం రన్‌వే దాకా నెమ్మదిగా కదలడానికి, పైకెక్కడానికి, దిగడానికి పోతుంది. టికెట్ మీద ఉండేది బయలుదేరిన చోటు నుంచి ఆగిన చోటు వరకు పట్టే మొత్తం సమయం.

అసలు ఆలస్యం నేల మీదే. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. కాబట్టి సామాను ఉంటే రెండు గంటల ముందే చేరాలి. ఇక దిగాక, రేణిగుంట నుంచి తిరుపతి పదిహేను కిలోమీటర్లే అయినా, కొండకు వెళ్లేవాళ్లకు అలిపిరి తనిఖీ ఉంటుంది. రద్దీ రోజుల్లో అక్కడి వరుస ఎంత పొడవుంటుందో ఊళ్లోవాళ్లమైన మేమే చెప్పలేం. ఆపైన ఘాట్ రోడ్డు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్నది నిబంధన. డ్రైవరును తొందరపెట్టి ముందే చేరితే జరిమానా, అదీ స్వామి సన్నిధికి వెళ్తూ!

అందుకే దర్శనం స్లాటుకూ విమానం దిగే వేళకూ మధ్య నాలుగు గంటలైనా ఉంచండి. చిత్తూరు వెళ్లేవాళ్లు రోడ్డు ప్రయాణానికి మరో రెండు గంటలు కలుపుకోండి.