గీర ఔటైతే ఇంట్లోనే సరిచేసుకోండి

హన్మకొండ, కాజీపేట గల్లీల స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగీ దిగీ సైకిల్ గీర (చక్రం) ఔటైతది, అంటే వంకర పోతది. తిరిగినప్పుడల్లా రిమ్ము ఒకచోట బ్రేకు రబ్బరుకు సర్రున రాసుకుంటది. రిమ్ము మార్చే పని లేదు, పుల్లలు (స్పోకులు) బిగించే చిన్న పానా చాలు.

సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి పుల్లలను వేలితో మీటండి. ఒకే పక్కవన్నీ దాదాపు ఒకే తీరుగ మోగాలె. డబ్బుమన్నది వదులైనట్టు, దాన్ని మిగతావాటితో సమానం చేస్తేనే సగం వంకర పోతది. తర్వాత ఫోర్కుకు ఒక తీగ చుట్టి, కొన రిమ్ముకు 2 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి గీరను మెల్లగా తిప్పండి. రిమ్ము ఎడమకు వచ్చి తగిలిన చోట, హబ్బు (గీర నడిమి బొడ్డు) కుడి పక్క నుంచి వచ్చే పుల్లను పావు చుట్టు బిగించండి. దానికి అటూ ఇటూ ఉన్న ఎడమ పుల్లలను అందులో సగం వదలండి. టైరు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పితేనే నిపుల్ (రిమ్ము దగ్గర పుల్ల కొనకు ఉండే చిన్న నట్టు) బిగుస్తది; చాలామంది తారుమారయ్యేది ఇక్కడే. ఒకేసారి పూర్తి చుట్టు తిప్పితే వంకర అవతలి పక్కకు పోతది. తుప్పు పట్టిన నిపుల్‌కు ముందురోజు రాత్రే నూనె చుక్క వేయండి, లేకపోతే పుల్ల మెలిపడి తెగుతది.

వెనుక గీరలో, ముఖ్యంగా గేర్ల సైకిల్‌కు, ఫ్రీవీల్ (చైను తిరిగే పళ్ల చక్రం) పక్క పుల్లలు ఎక్కువ బిగువుగానే ఉంటయి. రెండు పక్కల మోత పోల్చొద్దు.

గుంతలో పడి రిమ్ము అంచే సొట్టపోతే మాత్రం ఇది పనిచెయ్యదు. అప్పుడు రిమ్ము మార్చుడే.