సరిహద్దు విభాగం హోంగార్డుగా స్వచ్ఛంద సేవకు దరఖాస్తు విధానం

హోంగార్డుల సరిహద్దు విభాగంలో చేరదలచినవారు దరఖాస్తు ఫారం తెచ్చుకోవడానికి ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఇది సరిహద్దు భద్రతా దళంలో ఉద్యోగం కాదు. 1965 డిసెంబర్ 1న ఏర్పడిన బి.ఎస్.ఎఫ్. కేంద్ర ప్రభుత్వపు సాయుధ బలగం; అందులో నెలజీతం, పదోన్నతి, నిర్దిష్టమైన సర్వీసు నిబంధనలు ఉంటాయి. సరిహద్దు విభాగం హోంగార్డు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం వద్ద స్వచ్ఛందంగా పేరు నమోదు చేసుకుని, పిలుపు వచ్చినప్పుడు ఆ బలగానికి తోడుగా నిలిచే పౌరుడు. చొరబాట్లను అరికట్టడంలో సహాయపడటం, యుద్ధ సమయంలో కీలకమైన స్థావరాలకు, రాకపోకల మార్గాలకు కాపలా కాయడం ఈ విభాగానికి అప్పగించిన ప్రధానమైన పనులు.

హోంగార్డుల వ్యవస్థ 1946 డిసెంబర్‌లో బొంబాయిలో, అల్లర్లను అదుపు చేయడంలో పోలీసులకు సహాయంగా మొదలైంది. 1962 చైనా యుద్ధం తరువాత, ఎక్కడికక్కడ ఉన్న స్వచ్ఛంద దళాలను ఒకే రూపంలోకి తేవాలని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. సరిహద్దు విభాగం పంజాబ్, రాజస్థాన్, గుజరాత్, అస్సాం, మేఘాలయ, త్రిపుర, పశ్చిమ బెంగాల్ వంటి రాష్ట్రాలకే పరిమితం. అంతర్జాతీయ భూసరిహద్దు లేని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో సాధారణ హోంగార్డులు ఉన్నారు గానీ ఈ విభాగం లేదు. కాబట్టి గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బాడ్‌మేర్, జైసల్మేర్, పంజాబ్‌లోని ఫిరోజ్‌పుర్ వంటి జిల్లాల్లో స్థిరపడి, అక్కడి నివాసాన్ని పత్రాలతో రుజువు చేయగల తెలుగువారికే ఈ దరఖాస్తు అక్కరకు వస్తుంది.

స్థానికతకు ఇంత ప్రాధాన్యం ఉండటం న్యాయమేనని నా అభిప్రాయం. పాకిస్తాన్‌తో మనకున్న సుమారు 3,323 కిలోమీటర్ల సరిహద్దులో ఇసుక తిన్నెలు, ఉప్పు బయళ్లు, నదీ తీరాలు ఉన్నాయి. బదిలీపై వచ్చిన జవానుకు కొత్తగా కనిపించే దారి అక్కడ పుట్టి పెరిగినవారికి చిన్ననాటి నుంచీ తెలిసినదే. కచ్ ప్రాంతంలో నేలమీది అడుగుజాడలను చూసి ఎవరు, ఎటు వెళ్లారో చెప్పగల పగీలు ఉన్నారు. ఆ నేర్పు ఏ శిక్షణ కేంద్రంలోనూ కొద్ది నెలల్లో అబ్బేది కాదు. స్వచ్ఛంద సేవకుడు తీసుకురాగల అసలైన బలం ఇదే.

కేంద్ర హోంశాఖ చెప్పే సాధారణ అర్హత ప్రకారం 18 నుంచి 50 ఏళ్ల మధ్య వయసున్న భారత పౌరులెవరైనా హోంగార్డుగా చేరవచ్చు. అయితే ఈ దళం ఆయా రాష్ట్రాల చట్టాల కింద నడుస్తుంది. గుజరాత్‌లో 1947 నాటి బొంబాయి హోంగార్డుల చట్టం, రాజస్థాన్‌లో 1963 నాటి చట్టం ఆధారం. అందువల్ల వయసు, చదువు, ఎత్తు, దేహదారుఢ్యం విషయంలో రాష్ట్రం విడుదల చేసే నోటిఫికేషన్‌లో ఉన్నదే చెల్లుతుంది.

నమోదు ఏడాది పొడవునా తెరిచి ఉండదు. ఖాళీలు ప్రకటించినప్పుడు జిల్లా హోంగార్డు కమాండెంట్ కార్యాలయంలో గానీ, రాజస్థాన్‌లో మాదిరిగా ఒకే లాగిన్‌తో పలు ప్రభుత్వ సేవలు అందించే ఎస్.ఎస్.ఓ. పోర్టల్‌లో గానీ దరఖాస్తు చేయాలి. వయసు, నివాసం, చదువు ధ్రువపత్రాలు, ఆధార్, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోవాలి. వేరే చోట ఉద్యోగం చేస్తున్నవారు యజమాని నుంచి నిరభ్యంతర పత్రాన్ని ముందుగానే తీసుకోవడం మంచిది, ఎందుకంటే పిలుపు వచ్చిన రోజున సెలవు దొరకకపోతే ఇటు ఉద్యోగానికీ అటు సేవకూ చిక్కు వస్తుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్ని పత్రాల్లోనూ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. ఇంటిపేరును ఒక పత్రంలో ముందు, మరొక దానిలో చివర రాయించుకునే అలవాటున్న మనవాళ్లకు ఇతర రాష్ట్రాల కార్యాలయాల్లో ఈ తేడా తరచు ఇబ్బంది పెడుతుంది. రుసుము ఉంటే నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. అంతకు మించి ఎవరు డబ్బు అడిగినా ఇవ్వకూడదు.

తరువాత దేహదారుఢ్య పరీక్ష, వైద్య పరీక్ష, పోలీసు విచారణ జరుగుతాయి. పాత కేసు ఏదైనా ఉంటే ఫారంలో దాచకుండా రాయాలి. ఎంపికైనవారికి నియామక పత్రం, ఉచితంగా యూనిఫాం ఇచ్చి, ఆపై శిక్షణకు పిలుస్తారు. సభ్యత్వం సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు ఉంటుంది. బొంబాయి చట్టం ప్రకారం విధికి పిలిచిన సమయంలో హోంగార్డుకు పోలీసు అధికారికి ఉండే అధికారాలు, రక్షణలు వర్తిస్తాయి, చట్టం దృష్టిలో అతడు ప్రభుత్వ సేవకుడవుతాడు. అందుకు తగిన బాధ్యతా అంతే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. హోంగార్డుకు జీతం ఉండదు. విధికి, శిక్షణకు హాజరైన రోజులకు భత్యం చెల్లిస్తారు. స్వచ్ఛంద సేవ అనే మాట చాటున శాశ్వత సిబ్బంది చేయవలసిన పనిని ఏళ్ల తరబడి భత్యం మీద చేయించుకోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఖాళీగా ఉన్న పోస్టును భర్తీ చేయడానికి బదులు ఒక సేవకుణ్ని నిలబెడితే ఖజానాకు మిగులు కనిపిస్తుంది గానీ, గాయపడినా వయసు మీద పడినా ఆ భారమంతా అతని కుటుంబం మీదే పడుతుంది. హిమాచల్ ప్రదేశ్, పంజాబ్, ఢిల్లీ హోంగార్డుల వ్యాజ్యాలపై 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ తప్పక తెలుసుకోవాలి. వారిని క్రమబద్ధీకరించాలన్న కోరికను కోర్టు అంగీకరించలేదు. అయితే 30 రోజుల విధికి వచ్చే మొత్తం భత్యం ఆ రాష్ట్ర పోలీసు సిబ్బందికి దక్కే కనీస వేతనానికి సమానంగా ఉండేలా రేటు నిర్ణయించాలని ఆదేశించింది.

కనుక సంతకం చేసే ముందు కమాండెంట్ కార్యాలయంలో కొన్ని విషయాలు అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి: రోజు భత్యం ఎంత, ఏడాదిలో సుమారుగా ఎన్ని రోజులు పిలుస్తారు, విధిలో గాయమైనా మరణం సంభవించినా పరిహారం ఎవరు, ఏ ఉత్తర్వు కింద ఇస్తారు, రాష్ట్ర పోలీసు నియామకాల్లో హోంగార్డులకు కోటా ఉందా. ఇలా అడగడం దేశభక్తికి తక్కువ కాదు.

చేరిన తరువాత హాజరు పట్టికలో మీ సంతకం ఉన్న తేదీలను సొంత పుస్తకంలో కూడా రాసుకోవాలి, భత్యం ఆలస్యమైనప్పుడు అదే ఆధారమవుతుంది. సభ్యత్వం ముగిసినప్పుడు నియామక పత్రం, యూనిఫాం, అప్పగించిన ఆయుధం, సామగ్రి తిరిగి ఇచ్చి రసీదు తీసుకోవాలి. సేవా కాలాన్ని ధ్రువీకరించే పత్రాన్ని అదే రోజున అడగడం మరవకూడదు.